ముప్పై నంబరు ఆయిలు

జపాను తీరంలోని హమానేలో పొద్దున ఏడయిందంటే గెంజో మోటారుసైకిలు చప్పుడు వినిపించాలి. వినిపించలేదంటే ఆ రోజు ఆదివారమన్నా అయి ఉండాలి, గెంజోకి జ్వరమన్నా వచ్చి ఉండాలి. మిసో చారు తాగి, కాల్చిన ఎండుచేపతో ఇంత అన్నం తిని, భార్య నోబుకో కట్టిచ్చిన డబ్బా బండి పెట్టెలో పెట్టుకుని, కమలా తోటల మధ్య నుంచి రేవులో ఉన్న ఐసు ఫ్యాక్టరీకి దిగుతాడు. మనిషికి అరవై రెండు, బండికి ఇరవై ఎనిమిది. నీలం రంగు, ముందు వెడల్పాటి అద్దం, రెండు పక్కలా పెట్టెలు, అచ్చంగా దూరాలు తిరగడానికని చేసిన బండి. దేశమంతా చుట్టి వచ్చిన ఆ బండి ఇప్పుడు రోజుకి రెండు కిలోమీటర్లు దిగి, రెండు కిలోమీటర్లు ఎక్కుతోంది.

దారిలో ఎవరు ఎదురుపడినా బండి తల వంచుతుంది. గెంజో బ్రేకు నొక్కనక్కర్లేదు. ముందు చక్రాన్ని రెండు పక్కలా పట్టుకుని ఉండే ఫోర్కు గొట్టాలు వాటంతట అవే కిందికి దిగి, దీపం నేలకేసి చూసి, మళ్ళీ లేస్తాయి. కొన్న మొదటి రోజు నుంచీ అంతే. ఎదురైనవాళ్ళు కూడా మర్యాదగా తల వంచి తమ పనికి తాము పోతారు. రోజూ ఎదురైనవాళ్ళకి ఫోర్కు గొట్టం మీద రెండు వేళ్ళ మేర దిగుతుంది, అది పలకరింపు. మూడు వేళ్ళు దిగిందంటే కృతజ్ఞత. నోబుకో ఆపరేషను చేయించుకుని ఇంటికొచ్చినప్పుడు డాక్టరుగారికి మూడు వేళ్ళు దిగింది. బెత్తెడు దిగితే మాత్రం క్షమాపణ. అది ఊళ్ళో ఎవరూ చూడలేదు. గెంజో బండి గెంజో బండే కదా, క్షమాపణ ఎక్కడి నుంచి వస్తుందని వెనక నవ్వుకునేవాళ్ళు.

ఆ నవ్వుకి కారణం రైలు గేటు పక్కన ఉంది. అక్కడ రోకురో క్షవరశాల. ఊరికంతటికీ ఉన్న మంగలి అతనొక్కడే. ఏడూ పన్నెండుకి ఒంటి పెట్టె రైలు వస్తుంది, గేటు పడుతుంది, గెంజో సరిగ్గా ఆ అద్దాల తలుపు ముందు ఆగాలి. లోపల రోకురో కత్తెర పట్టుకుని నిలబడి ఉంటాడు. బండి రెండు వేళ్ళు వంగుతుంది. రోకురో అంతే కొలిచినట్టు తల వంచుతాడు. గెంజో మాత్రం రైలుకేసి చూస్తాడు. పదకొండేళ్ళుగా ఇదే వరస.

అంతకు ముందు ఇద్దరూ ఒకే కంచంలో తిన్నవాళ్ళు. ఏటా శరదృతువులో పది రోజులు రెండు బండ్ల మీద ఊళ్ళు తిరిగేవాళ్ళు. ముందు గెంజో, వెనక రోకురో. ముందు వెళ్ళేవాడు మలుపులో కంకర కనిపిస్తే ఎడమ కాలు బయటికి చాపి వెనకవాడికి సైగ చెయ్యాలి. పదకొండేళ్ళ కిందట దక్షిణ తీరంలో ఒక మలుపు దగ్గర గెంజో కాలు చాపలేదు. రోకురో కంకర మీద జారి పడ్డాడు. మోకాలు రెండు ముక్కలైంది. ఆసుపత్రిలో మంచం పక్కన నిలబడి గెంజో అన్న మొదటి మాట, "తోక పట్టుకున్నట్టు అంత దగ్గరగా రమ్మని నీకెవరు చెప్పారురా?" ఆ తర్వాత రెండో మాట లేదు. రోకురో బండి అమ్మేశాడు. కొంచెం కుంటుతూ నడుస్తాడు.

ఈ అక్టోబరులో ఒక కబురు తెలిసింది. నెలాఖరుకి రోకురో కొట్టు మూసేసి ఒసాకాలో ఉన్న అక్క దగ్గరికి వెళ్ళిపోతున్నాడు. పెళ్ళాం పిల్లలు లేని మనిషి. ఇక్కడ ఎదురుచూసేదేముంది అన్నాడట. కబురు తెచ్చింది నోబుకోనే. గెంజో చేప ముల్లు తీసుకుంటూ "పోనీ" అన్నాడు. ఆ పూట రెండోసారి అన్నం పెట్టించుకోలేదు.

సరిగ్గా అప్పుడే బండి తేడాగా వంగడం మొదలెట్టింది. ఎడమ ఫోర్కులో ఆయిలుని ఆపే సీలు కారుతోంది, లోపలి ఆయిలు తగ్గుతోంది. గెంజోకి అనుమానమొచ్చి గొట్టానికి రబ్బరు బ్యాండు ఒకటి చుట్టాడు. బండి ఎంత దిగితే బ్యాండు అంత పైకి జరిగి అక్కడే ఉండిపోతుంది. ఐసు ఫ్యాక్టరీ ముందు దిగి వేళ్ళు పెట్టి కొలిచాడు. రెండున్నర. వారం తిరిగేసరికి మూడు దాటింది. రోకురో తలుపు వెనక నుంచి కళ్ళు చిట్లించి చూశాడు.

"ఇలాగే పోతే వాడు వెళ్ళేలోపు బెత్తెడు దిగుతుంది," అన్నాడు గెంజో ఇంటికొచ్చి. "నా నెత్తి మీద కూర్చుని నా తరఫున క్షమాపణ చెప్పేస్తుంది."

"మీరే దాని నెత్తి మీద కూర్చుంటారు," అంది నోబుకో, కమలాలు ఒలుస్తూ. "చెప్పనివ్వండి. మీకు రానిది దానికన్నా వచ్చింది."

"నా తప్పేముందే అందులో?"

"నేనేమన్నా అన్నానా?"

"ఇంకా పద్దెనిమిది రోజులు. ఈ పద్దెనిమిది రోజులూ తిన్నగా రెండు వేళ్ళే వంగాలి."

"తర్వాత?"

"తర్వాతేముంది. గేటు దగ్గర వంగడానికి ఎవరూ ఉండరు."

నోబుకో ఒలిచిన కమలా సగం అతని ముందు పెట్టింది, అతను ముట్టుకోలేదు.

మర్నాడు బండిని చిజురు రిపేరు షెడ్డుకి తోలాడు. చిజురు తండ్రి గెంజోకి స్నేహితుడు, ఆయన పోయాక షెడ్డు ఆమే నడుపుతోంది. నలభై ఆరేళ్ళది, నోటికి అడ్డూ ఆపూ లేనిది, చేతిపనిలో తండ్రిని మించినది. ఎడమ ఫోర్కు మీద వేలు పెట్టి, జిడ్డు చూసి, వాసన చూసింది.

"ఎన్నేళ్ళయింది బాబాయ్ ఆయిలు మార్చి?"

"మీ నాన్న మార్చాడు."

"మా నాన్న పోయి తొమ్మిదేళ్ళయింది!"

"మంచిగా మార్చాడు కాబట్టి ఇన్నాళ్ళొచ్చింది."

చిజురు నవ్వి పని మొదలెట్టింది. బండి ఇంకా చక్రం మీద నిలబడి ఉండగానే ఫోర్కుల మీది మూతలు వదులు చేసింది. ఆ తర్వాత ఇంజను కింద జాకీ పెట్టి, దూలానికి కట్టిన పట్టీలతో హ్యాండిలు పైకి కట్టింది. చక్రం తీసింది, బ్రేకులు తీసి తాడుతో పక్కకి కట్టింది, మడ్గార్డు విప్పింది. బిగింపు బోల్టులు వదులు చేసి, గొట్టాన్ని మెలితిప్పుతూ కిందికి లాగింది. ఒకటి, ఆ వెనక రెండోది. రెండింటినీ పాత దుప్పటి మీద పక్కపక్కన పడుకోబెట్టింది.

అప్పుడే పోస్టుమ్యాన్ ఉత్తరాలిచ్చి పోవడానికి లోపలికొచ్చాడు. పట్టీల మీద వేలాడుతున్న బండి అటూ ఇటూ ఇబ్బందిగా కదిలింది.

"ఏమనుకోకండి," అంది చిజురు, "కాళ్ళు ఊడదీశాను."

"అయ్యో, పర్లేదు పర్లేదు," అని పోస్టుమ్యానే దానికి రెండుసార్లు తల వంచి వెళ్ళిపోయాడు.

చిజురు మూత తిప్పి, లోపలి స్ప్రింగు ఎగిరి మొహాన కొట్టకుండా అరచేత్తో అదిమి పట్టి, నెమ్మదిగా వదిలింది. స్ప్రింగు బయటికి తీసి, గొట్టాన్ని తలకిందులు చేసి పళ్ళెంలోకి వంచింది. బియ్యం కడిగిన నీళ్ళలో మసి కలిపినట్టు ఉంది ఆయిలు. వాసన రెండు రోజుల నాటి చేప. గొట్టాన్ని పైకీ కిందికీ పదిసార్లు ఆడించి ఆఖరి చుక్క దాకా కార్చింది. స్ప్రింగుని బల్ల మీద నిలబెట్టి స్కేలు పెట్టి చూసింది.

"స్ప్రింగులు కుంగిపోయాయి బాబాయ్. అందుకే ఎక్కువ దిగుతోంది. సీలు మారుస్తా, ఆయిలు మట్టం సరిచేస్తా, కొంత తగ్గుతుంది. పూర్తిగా తగ్గాలంటే కొత్త స్ప్రింగులు వెయ్యాలి. ఈ బండికి ఇప్పుడు దొరకవు, పరాయి దేశం నుంచి తెప్పించాలి. రెండు నెలలు."

"రెండు నెలలకి వాడెక్కడుంటాడు! ఇప్పుడు దీంట్లో ఏ ఆయిలు పోస్తావు?"

"పది నంబరు. కంపెనీ చెప్పింది అదే."

"ముప్పై నంబరు ఉందా?"

చిజురు తలెత్తి చూసింది. "ఉంది. ఏం చేసుకుంటారు? జిగురులా ఉంటుంది."

"అదే కావాలి. జిగురులో ఎవడన్నా వంగగలడా? పొయ్యి."

"బాబాయ్, నా మాట వినండి. ఆయిలు చిక్కనైతే బండి ఎంత దిగుతుందన్నది మారదు. ఎంతసేపట్లో దిగుతుంది, ఎంతసేపట్లో లేస్తుంది, అదే మారుతుంది. పైగా..."

"చిక్కగా ఉంటే దిగదు. చిన్న పిల్లాడికి కూడా తెలుసు."

"చిన్న పిల్లాడు ఫోర్కు విప్పాడా ఎప్పుడన్నా?"

"మీ నాన్న ఉంటే ఎదురు చెప్పకుండా పోసేవాడు."

"మా నాన్న ఉంటే మిమ్మల్ని బయటికి గెంటేవాడు," అంది చిజురు. అయినా అల్మరాలోంచి ముప్పై నంబరు డబ్బా తీసింది. నన్నడిగితే అక్కడ ఆమె ఇంకో రెండు మాటలు గట్టిగా చెప్పి ఉండాల్సింది. కానీ గెంజో ఒకసారి పట్టుబట్టాడంటే వాదించేవాళ్ళకే గొంతు నొప్పి. రేవులో అందరికీ తెలిసిన సంగతే.

కొత్త సీళ్ళు చుట్టూ సమంగా కొట్టి కూర్చోబెట్టింది. ఆయిలు పోసింది. అది ధారగా పడలేదు, తేనెలా బద్ధకంగా జారింది. లోపలి గాలి పోయేదాకా గొట్టాన్ని ఆడించి, పూర్తిగా కిందికి నొక్కిపెట్టి, పై అంచు నుంచి ఆయిలు దాకా స్కేలు దించి కొలిచింది. రెండో దానికీ అంతే. రెండింటి మట్టం వెంట్రుకవాసి తేడా లేకుండా ఉండాలి, లేకపోతే బండి వంకరగా వంగి ఎదుటివాళ్ళని వెక్కిరించినట్టు ఉంటుంది. సిరంజితో ఒక చుక్క తీసి, మళ్ళీ కొలిచి, అప్పుడు స్ప్రింగులు వేసి మూతలు బిగించింది.

సాయంత్రానికి బండి నేల మీద నిలబడింది. గెంజో ఎక్కి ఇంజను వేశాడు. బండి చిజురుకేసి తిరిగి వంగబోయింది. దీపం చాలా చాలా నెమ్మదిగా, కనీకనపడనట్టు కదిలింది.

"చూశావా! కదలట్లేదు," అన్నాడు గెంజో, మొహం వెలిగిపోతూ.

"కదులుతోంది బాబాయ్. ఇంకా అయిపోలేదు. ఆగండి..."

అతను ఆగలేదు. తోటల వెనక పై దారిన ఇంటికెళ్ళిపోయాడు. ఆ దారిలో మనిషన్నవాడు ఎదురుపడడు. బండి దేనికీ వంగలేదు. గెంజో ఆ రాత్రి కడుపునిండా తిని హాయిగా నిద్రపోయాడు.

తెల్లారింది. మబ్బు లేని పొద్దు, కమలాలు పసుపు తిరుగుతున్న రోజులు. ఏడింటికి గెంజో బయల్దేరాడు. గుమ్మం ముందు ఊడుస్తున్న పక్కింటి అవ్వ చీపురు పట్టుకునే తల వంచింది. బండి దిగడం మొదలెట్టింది. రెండు వేళ్ళు దిగేసరికి అవ్వ ఇల్లు వెనకబడింది. మామూలుగా అయితే చిటికెలో పైకి లేచేది. ఈసారి లేస్తూనే ఉంది, అంగుళంలో పావువంతు కూడా లేవలేదు, ఇంతలో పసుపు టోపీల బడిపిల్లలు వరసగా రోడ్డు దాటుతున్నారు. వాళ్ళకి మళ్ళీ వంగింది. ఉన్న చోటు నుంచే ఇంకొంచెం కిందికి. పిల్లలు అందరూ కలిసి తల వంచారు కాబట్టి ఇంకొంచెం. చెత్త సంచీ మోసుకొస్తున్న గుడి పూజారి. ఆయనకి ఇంకొంచెం. టోఫు అమ్మే ఆవిడ. ఆవిడకీ అంతే.

పైకి లేవడానికి సందు దొరకలేదు బండికి. చిజురు "పైగా..." అని మింగేసిన మాట ఇదే. చిక్కటి ఆయిలుతో ఫోర్కు లేచేలోపు ఇంకో దెబ్బ తగిలితే ఇంకా కిందికే పోతుంది, మెట్టు మీద మెట్టు. కొండ మీద నుంచి గేటు దాకా నలుగురికి పెట్టిన పలకరింపులన్నీ ఒకదాని మీద ఒకటి కూడుకున్నాయి. గెంజోకి తన ముందు అద్దం ఎందుకో వాలిపోయినట్టు, దారి దగ్గరగా వచ్చినట్టు అనిపించింది గానీ ఎండ కళ్ళలో పడుతోంది కదా అనుకున్నాడు.

ఏడూ పన్నెండు. గేటు పడింది. గెంజో ఆగాడు. తలుపు వెనక రోకురో, కుర్చీలో గడ్డానికి నురగ పూసుకున్న రేవు గుమస్తా. బండి రోకురోకి వంగింది. చివరి మెట్టు దిగింది. బెత్తెడు.

గెంజో కిందికి చూశాడు. రబ్బరు బ్యాండు గొట్టం చివరికంటా జరిగి ఉంది. హ్యాండిలు పట్టుకుని పైకి లాగాడు, రాలేదు. సీటు మీద వెనక్కి జరిగాడు, లాభం లేదు. రైలు వచ్చింది, వెళ్ళింది. గేటు గంట మోత ఆగింది, గేటు లేచింది. బండి లేవలేదు. గెంజో ముందుకి వాలి, మెడ వంచుకుని, దాని మీదే ఉండిపోయాడు. వెనక చేపల వ్యాను ఆగింది, దాని వెనక పోస్టు స్కూటరు, ఆ వెనక ఇంకో రెండు కార్లు. ఒక్కరూ హారను కొట్టలేదు. ఒక మనిషి బెత్తెడు వంగి ఉండగా వెనక నుంచి హారను కొట్టే ఊరు కాదు మాది. వ్యాను డ్రైవరు ఇంజను కూడా ఆపేశాడు.

రోకురో తలుపు తీసుకుని బయటికొచ్చాడు. కుంటుతూ మూడడుగులు వేసి, కత్తెర ఇంకా చేతిలోనే ఉండగా, బండి ముందు నిలబడ్డాడు. వంగినవాళ్ళని తల ఎత్తమని చెప్పాల్సింది అవతలివాళ్ళే. అతను చెప్పలేదు. బండినీ గెంజోనీ మార్చి మార్చి చూస్తూ నిలబడ్డాడు.

"ఇది..." అన్నాడు గెంజో. ఆయిలు వల్ల రా, అందామనుకున్నాడు. ఆ మాట నాలుక చివర దాకా వచ్చింది. ముప్పై నంబరు పోయించాను, నా ఉద్దేశం వేరు, అని చెప్తే సరిపోయేది. అందరూ నవ్వేవాళ్ళు, చిజురుని పిలిచేవాళ్ళు, నెలాఖరుకి రోకురో రైలెక్కేసేవాడు. తల వంచుకుని ఉన్న గెంజోకి రోకురో మొహం కనపడలేదు. కాళ్ళు కనపడ్డాయి. రబ్బరు చెప్పుల్లో, ఒకటి తిన్నగా, ఒకటి కొంచెం పక్కకి తిరిగి. పదకొండేళ్ళలో ఆ కాలిని ఇంత దగ్గరగా చూడటం అదే మొదటిసారి.

"కాలు చాపాల్సింది," అన్నాడు. "చాపలేదు."

రోకురో కదల్లేదు.

"కంకర నాకు కనపడనే లేదు రా. రోడ్డు చూడట్లేదు నేను. ఆ మలుపులో సముద్రం అంతా ఒక్కసారిగా కనపడింది. ఎంత బాగుందో! దాన్నే చూస్తూ ఉండిపోయాను. వెనక నువ్వున్నావన్నదే మర్చిపోయాను. ఆ మాట చెప్పలేక నీ మీదకి తోసేశాను. తప్పు నాదే." ముక్కు ఎగబీల్చి, మళ్ళీ అన్నాడు, "తప్పు నాదేరా రోకురో. నీ కాలు పోగొట్టాను."

కొట్టులోంచి నురగ గడ్డంతో గుమస్తా గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు. టోఫు ఆవిడ తన తోపుడుబండి పక్కకి ఆపి కళ్ళు ఒత్తుకుంది.

"తల ఎత్తండి," అన్నాడు రోకురో. "ఇద్దరూ."

బండి లేవడం మొదలెట్టింది. తొందరపడటం దానికి రాదిప్పుడు. దీపం నేల మీద నుంచి రోకురో మోకాళ్ళకి, మోకాళ్ళ నుంచి నడుముకి, నడుము నుంచి ఛాతీకి వచ్చింది. దాంతోపాటే గెంజో తల కూడా లేచింది. అప్పటికి రోకురో కళ్ళు ఎర్రబడి ఉన్నాయి.

"సముద్రమా?" అన్నాడు. "ఆ మలుపులోనా?"

"ఊఁ."

"నేనూ దాన్నే చూస్తున్నాను వెధవా. అందుకే నీకు అంత దగ్గరగా వచ్చేశాను." కత్తెర జేబులో పెట్టుకుని మొహం తుడుచుకున్నాడు. "ముందు నువ్వొక మాట అంటావని, అన్నాక నాదీ చెబుదామని కూర్చున్నాను. నువ్వు అనవు, నేను చెప్పను. పదకొండేళ్ళు!"

"నువ్వే ముందు చెప్పొచ్చుగా?"

"పడింది నేను!"

వెనక వ్యాను డ్రైవరు ఇంక ఆపుకోలేక ఫక్కున నవ్వాడు. గుమస్తా, "రోకురో గారూ, నురగ ఎండిపోతోందండీ," అన్నాడు. రోకురో అతనికేసి చెయ్యి ఊపి, గెంజోతో, "సాయంత్రం పని అయ్యాక రా," అని లోపలికి వెళ్ళాడు. వ్యాను కదిలింది, స్కూటరు కదిలింది. ఐసు ఫ్యాక్టరీలో గెంజోకి పదిహేడు నిమిషాలు ఆలస్యమైంది. అక్కడి మేనేజరు ఒక్క మాట అనలేదు, అప్పటికే కబురు రేవు దాటిపోయింది.

చిజురు మర్నాడే ఆ జిగురంతా తీసేసి పది నంబరు పోసింది. ఈసారి గెంజో నోరు మెదపలేదు.

ఆ నెలాఖరున ఒసాకా వెళ్ళే పెద్ద రైలు దగ్గరికి చేర్చే ఒంటి పెట్టె రైలు ఏడూ పన్నెండుకే వచ్చింది, రోకురో లేకుండానే వెళ్ళిపోయింది. ఆ వేళప్పుడు అతను గెంజోని కుర్చీలో కూలేసి, మెడకి గుడ్డ కట్టి, దువ్వెనతో అతని తల వెనక భాగం ఎత్తి ఎత్తి చూస్తూ, ఊళ్ళో మంగలిని పెట్టుకుని పదకొండేళ్ళుగా పెళ్ళాం చేత జుట్టు కత్తిరించుకుంటావురా, ఇది తలా కోతకొచ్చిన చేనా, నోబుకో ఏ కత్తెర వాడింది, చేపల కత్తెరా, అని గోడలదిరేలా తిడుతున్నాడు. గెంజో కళ్ళు మూసుకుని, కదలకుండా, అన్నీ వింటున్నాడు.